కొత్తపేటలో పాత సామాను

పేరుకూ సరుకుకూ పొత్తు కుదరని పేట ఒకటి మద్రాసులో ఉంది. దాని పేరు పుదుపేట. మన భాషలో చెప్పాలంటే కొత్తపేట. అక్కడ అమ్మేదంతా పాత సామానే! (ఊరి పేరు 1996లో చెన్నైగా మారిన మాట నిజమే గాని, మా నెల్లూరువాళ్ళ నోట అది మద్రాసుగానే ఉండిపోయింది. పాఠకులు మన్నించాలి.)

ఎగ్మూరు స్టేషనులో దిగి దక్షిణంగా నడిస్తే ఎంతో దూరం లేదు. కూవం నది ఒక పెద్ద వంపు తిరిగేచోట ఈ గట్టున పుదుపేట, ఆ గట్టున చింతాద్రిపేట. చింతాద్రిపేట చరిత్ర మనవాళ్ళకు కాస్త చుట్టమే. 1734లో ఈస్టిండియా కంపెనీవారు నేతగాళ్ళ కోసం కట్టించిన పల్లె అది. చిన్న తరి పేట, అనగా చిన్న మగ్గాల పేట అన్నది జనం నోట నలిగి చింతాద్రిపేట అయిందంటారు. అంతకుముందు ఆ నేల సుంకురామ అనే వర్తకుడి తోట. కంపెనీవారికి పెద్ద వర్తకుడుగా వెలిగినవాడు. వాళ్ళ కోపానికి గురై తోట పోగొట్టుకున్నాడు. మగ్గాలు పోయాయి, తోట ఏనాడో పోయింది. ఇప్పుడా ప్రాంతంలో చెవిని పడేది సుత్తి చప్పుడు.

పుదుపేట వీధిలోకి తిరగ్గానే ముందు ముక్కుకు తెలుస్తుంది. కాలిన ఆయిలూ, కిరసనాయిలూ, కొత్తగా వేసిన రంగూ, వీటన్నిటి మీదా కూవం వాసనా! ఒక కొట్టు నిండా సీట్లే, గోడకు గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. ఇంకొక కొట్లో పెట్రోలు టాంకీలు చింతపండు బుట్టల్లా ఒకదాని మీద ఒకటి. మరో చోట చక్రాల పుల్లలు మాత్రమే దొరుకుతాయి, కట్టలు కట్టి, పొడుగుల వారీగా. కొట్టువాడు బండి పేరు అడగడు. మన చేతిలోని పాత ముక్కను చూస్తాడు, బొటనవేలితో మసి తుడుస్తాడు, లోపలికి పోయి దాని కవలను పట్టుకొస్తాడు. అరవం, ఉర్దూ, తెలుగూ ఒకే బేరంలో కలిసిపోతాయి. నేను ఏ భాషలో మొదలుపెట్టినా ధర మాత్రం అదే భాషలో తగ్గేది కాదు!

తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడికి అక్కడేం పనయ్యా అంటారేమో. పని పడింది. మా నాన్నగారు 1976లో కొన్న బుల్లెట్ మోటారు సైకిలు ఒకటి మా వసారాలో ఉంది. మా అమ్మాయి దాన్ని నడుపుతానంది.

ఆడపిల్ల మోటారు సైకిలు నడపడమేమిటన్న ప్రశ్న మా ఇంట్లో రాలేదు. వచ్చిన చిక్కు గేరు దగ్గర. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. ఇప్పటి బళ్ళన్నీ దీనికి తలకిందులు. అమెరికా ప్రభుత్వం 1970 దశకం నడుమ ఎడమకాలి గేరునే నిబంధన చేసింది. దాంతో ఇంగ్లీషు పద్ధతిలో కుడివైపు పెట్టేవాళ్ళంతా మెల్లగా దారికొచ్చారు. మన బుల్లెట్ ఒక్కటే చాలాకాలం మొండికేసింది. మా అమ్మాయి నేర్చుకున్నది కొత్తరకం బండి మీద. రోడ్డుకి అడ్డంగా గేదె వస్తే ఆ పిల్ల కుడికాలు ఆలోచించకుండా కిందకు తొక్కుతుంది. పాత బుల్లెట్ మీద అలా తొక్కితే బండి ఆగదు సరికదా, పై గేరులోకి పోతుంది. మొదటి గేరు పైకి, తక్కినవి కిందకు; అదీ దాని లెక్క. నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఆ క్షణకాలం చాలు.

కనుక గేరు ఎడమకు మార్చాలన్నాను. "కుదరదు" అన్నారు నాన్నగారు.

ఆయనకు 79 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించక బండెక్కడం మానేసి ఆరేళ్ళయింది. అయినా రోజూ పొద్దున కాఫీ తాగి, గుడ్డ పట్టుకుని వసారాలోకి వస్తారు. "కుడికాలి గేరు లేకపోతే అది బుల్లెటెట్లా అవుతుందిరా? న్యూట్రల్ లివరు తీసేస్తావా?" అన్నారు. గేరు పెడలు పక్కన చిన్న లివరొకటి ఉంటుంది. మొదటిది తప్ప ఏ గేరులో ఉన్నా మడమతో నొక్కితే చాలు, బండి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. ఆ సౌఖ్యం తర్వాతి బళ్ళకు లేదు. మద్రాసు బస్టాండు రోడ్డు మీద, ఎర్రదీపాల దగ్గర, దాన్ని మడమతో నొక్కి దర్జాగా కూర్చోవడం ఆయన యౌవనంలో భాగం. నేను దాన్ని ఇనపముక్క అనలేకపోయాను.

ఈ వాదం ఇంట్లో రెండు నెలలు నడిచింది. చివరకు మనవరాలే తేల్చింది. "తాతయ్యా, పాత గేరుబాక్సు అమ్మం. గుడ్డలో చుట్టి అటక మీద పెడతాను. నేను పెళ్ళి చేసుకుని పోయేటప్పుడు మళ్ళీ బిగించి ఇచ్చేస్తా" అంది. ఆయన నవ్వలేదు గాని, కాదనలేదు.

అలా పుదుపేట వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తక్కిన కథ అర్థం కాదు. దాదాపు యాభై ఏళ్ళ బండికి వసారాలో కూర్చుని కొత్త గేరుబాక్సు తగిలించడం ఎలా సాధ్యం? ఇతర పాతబళ్ళ వాళ్ళు ఒక్క వాషరు కోసం ఏళ్ళ తరబడి దేశాలు గాలిస్తారు. బుల్లెట్‌కు ఆ దుర్గతి లేకపోవడానికి కారణం మద్రాసుకు ఉత్తరాన సముద్రపొడ్డున ఉన్న తిరువొత్తియూరు.

బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులోని రెడిచ్ అనే ఊళ్ళో. ఆ పేరు మీద మొదటి బండి 1932లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాస్ మోటార్స్‌వారు దాన్ని ఇక్కడికి దిగుమతి చేసేవారు. సరిహద్దుల కాపలాకు మన సైన్యం 800 బళ్ళు కావాలనేసరికి, 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పేరుతో కంపెనీ పెట్టి తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వేశారు. మొదట ఇంగ్లండు నుంచి విడిభాగాలుగా వచ్చినదాన్ని ఇక్కడ బిగించడమే. తర్వాత అచ్చులూ పనిముట్లూ కొనితెచ్చారు; 1962 నాటికి బండి మొత్తం ఇక్కడే తయారవుతూ వచ్చింది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, ఇంగ్లండులో ఆ వ్యాపారమే 1970లో ముగిసింది. తల్లి పోయింది, దత్తు వెళ్ళిన బిడ్డ మాత్రం వంశం నిలబెట్టింది!

నిలబెట్టడమంటే మామూలుగా కాదు. 70 మిల్లీమీటర్ల పిస్టను, 90 మిల్లీమీటర్ల నడక, 346 సి.సి., పోత ఇనుము సిలిండరు. ఈ ఇంజను ప్రధాన రూపం మారకుండా 2010 ప్రాంతాల దాకా వచ్చింది. కొత్తదనం లేదని వెక్కిరించినవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో అబద్ధమూ లేదు. ఆయిలు కారడంలో, దీపాలు గుడ్డిగా వెలగడంలో దానికి సాటి లేదు. కాని ఆ మార్పులేనితనమే ఈనాడు మా వసారా పాలిటి వరమైంది. గేరుబాక్సు ఇంజను వెనక విడిగా బోల్టులతో బిగిస్తారు. 2000 దశకంలో ఐదు గేర్ల పెట్టె చేసినప్పుడు దాన్ని కూడా అదే చోట ఇమిడేలా చేశారు. కాబట్టి నాన్నగారి 1976 ఇంజనుకు, మా అమ్మాయి చిన్నపిల్లగా ఉన్ననాటి గేరుబాక్సు అతుక్కుంటుంది. తాతకు మనవరాలి చెప్పులు సరిపోయినట్టు!

పుదుపేటలో ఎడమ గేరు ఉన్న ఐదుగేర్ల పెట్టె మూడో కొట్లో దొరికింది. పన్నెండు వేలు చెప్పాడు. మా అమ్మాయి చేత్తో ఇరుసు తిప్పి, ఒక్కొక్క గేరూ వేసి చూసి, నాలుగోదాంట్లో గరగర ఉందని చెప్పింది. ఎనిమిది వేలకు దిగాడు. నేను బిల్లు అడిగాను. వాడు నన్ను ఆదాయప్పన్నువాణ్ణి చూసినట్టు చూశాడు గాని ఇచ్చాడు. పాతసామాను వీధుల్లో బిల్లు లేకుండా ఏదీ కొనకూడదు. దొంగబండి విప్పితే అది కూడా సామానే అవుతుంది. ముఖ్యంగా ఇంజను నంబరు అరగదీసిన కేసింగు ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోరాదు. ఆ నంబరే రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది, బండికి అది ఇంటిపేరు లాంటిది.

ఇంటి పనికి మా వీధి మెకానిక్ భాయి పెద్దదిక్కు. మేస్త్రీ ఆయన, కూలీలం మేం. ఆయన మొదట అడిగింది పానాలెన్ని ఉన్నాయని. మోటారు సైకిలు ఒకటే అయినా పానా ఒక కొలతది సరిపోదు. ఇంగ్లీషువాళ్ళ పాత మరలు కొన్ని, తర్వాత వచ్చిన మిల్లీమీటరు మరలు కొన్ని. ఒకదానికి ఇంకోటి దాదాపు పట్టినట్టే పడుతుంది, గట్టిగా తిప్పితే నట్టు మూలలు గుండ్రమౌతాయి. "మాస్టారూ, బలం వద్దు, పానా మార్చండి" అనేవాడు భాయి. మా కాలేజీలో చెప్పదగిన మాటే.

ఎడమవైపు పెద్దమూత విప్పితే క్లచ్చి, గొలుసు, లోపల కరెంటు పుట్టించే చుట్ట. అవన్నీ తీస్తే గాని గేరుబాక్సు వెనక్కు రాదు. వచ్చాక కొత్తది పెట్టడం ఒక పూట పని. అసలు ఆలస్యం బ్రేకు దగ్గరే. వెనక బ్రేకు డ్రమ్ము బండికి ఎడమవైపున, గొలుసు చక్రంతోపాటే ఉంటుంది. తొక్కేది ఇకమీదట కుడికాలు. ఆ కాలి బలాన్ని ఈ పక్కకు తేవాలంటే బండి కిందుగా అడ్డంగా ఒక ఇరుసు వెయ్యాలి. ఎడమ గేరుతో వచ్చిన బళ్ళలో కంపెనీవారే ఆ ఏర్పాటు చేశారు. ఆ భాగాలే తెచ్చి పెట్టాం. సొంతంగా కడ్డీ వంచి వెల్డింగు పెడతానన్న ఒక కుర్రవాణ్ణి భాయి వసారా మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. "బ్రేకులో కవిత్వం పనికిరాదు" అన్నాడు. నా సబ్జెక్టు తెలిసే అన్నాడో, ఊరికే అన్నాడో!

ముందు బ్రేకు కూడా మార్చాం. పాతది చిన్న డ్రమ్ము. 500 సి.సి. బళ్ళకు వచ్చిన 7 అంగుళాల డ్రమ్ము చక్రంతో సహా వేశాం. దాన్లో రెండు షూలూ చక్రం తిరిగే వాలులోనే పట్టుకుంటాయి కనుక పట్టు ఎక్కువ. 160 కిలోల పైచిలుకు బండి, దానిపైన మనిషి. ఆపడం నడపడం కన్నా ముఖ్యం గదా. తర్వాత 6 వోల్టుల వైరింగు తీసి 12 వోల్టులది వేయడం. చుట్ట, రెగ్యులేటరు, కాయిలు, హారను, బల్బులు, బాటరీ అన్నీ మారాలి, ఒక్కటి మిగిలినా మాడిపోతుంది. ఈ పనంతా మా అమ్మాయిదే. రంగురంగుల తీగలకు చీటీలు కట్టి, నోటుబుక్కులో బొమ్మ గీసుకుని చేసింది. మొదటిరాత్రి దీపం వెయ్యగానే ఎదురింటి గోడ తెల్లబోయింది. నాన్నగారు కుర్చీలోంచి లేచి, "ఇన్నేళ్ళూ నేను చీకట్లోనే నడిపానన్నమాట" అన్నారు.

ఆయన చేత చేయించుకున్న పని ఒకటుంది. పిస్టను సరిగ్గా ఎక్కడున్నప్పుడు నిప్పురవ్వ పడాలో కుదర్చడం. కుడివైపు చిన్న డబ్బాలో రెండు పాయింట్లుంటాయి. అవి విడిపోయే క్షణంలో రవ్వ పుడుతుంది. విడిపోవడం కంటికి ఆనదు. సిగరెట్టు చుట్టే పలచని కాగితం వాటి మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఇంజను తిప్పాలి. కాగితం ఎక్కడ జారివస్తే అదే ఆ క్షణం. నాన్నగారు కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో ఆ కాగితం పట్టుకు కూర్చున్నారు. మా అమ్మాయి చక్రాన్ని గోరంత గోరంత తిప్పుతోంది. "ఆగు... వచ్చింది" అన్నారు. భాయి మీటరు పెట్టి చూశాడు, దిద్దవలసింది లేదు.

మేం చెయ్యనిది కూడా చెప్పాలి. ఎక్కువమంది కుర్రవాళ్ళు బండి తెచ్చుకోగానే మొదట మార్చేది సైలెన్సరు. బుల్లెట్ గుండెచప్పుడు దాని పొడుగాటి పిస్టను నడకలోంచీ, బరువైన ఫ్లైవీలు నెమ్మదిగా తిరగడంలోంచీ వచ్చే లయ. లోపలి తెరలు పీకేసిన గొట్టం ఆ లయను పెంచదు, రొదను పెంచుతుంది. వీధి చివర పసిపాపను నిద్ర లేపడం పౌరుషమెలా అయిందో నాకు బోధపడదు. చట్టమూ ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించి పత్రాల్లో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్డుమీద పరిచి రోలరు నడిపించిన దృశ్యాలు మీరూ చూసే ఉంటారు. అందువల్ల చాసిస్ కొయ్యలేదు, ఇంజను మార్చలేదు, సైలెన్సరు ముట్టలేదు, కంపెనీ భాగాలు తప్ప వెయ్యలేదు. అయినా విప్పడానికి ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకుని, జాబితా కాగితం మీద పెట్టుకున్నాం. ఇలాంటి పని తలపెట్టేవారు ఆ గడప తొక్కాకే పానా పట్టడం మంచిది.

టాంకీ మీది బంగారు గీతలు మాత్రం అలాగే ఉంచాం. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో వాటిని చేత్తోనే గీసేవారు, కుంచె ఎత్తకుండా ఒకే ఊపిరిలో. మద్రాసు గీతలని వాటికి పేరు. మా బండిమీద ఒక గీత చివర రవంత వణికి ఉంటుంది. ఆనాడు ఆ కళాకారుడికి దగ్గు వచ్చిందేమోనని నాన్నగారి ఊహ.

బండి పుట్టినచోటు చూడాలని మా అమ్మాయి పట్టుబట్టింది. మొన్న జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాం. నడిపేది ఆ పిల్ల, వెనక నేను, ఇద్దరికీ హెల్మెట్లు. దొరవారిసత్రం దగ్గర పొగమంచు. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు తెల్లని మూటల్లా కనిపించాయి. సూళ్ళూరుపేటలో ఇడ్లీ తిని, తడ దాటి, గుమ్మిడిపూండి తర్వాత ప్రధాన రహదారి వదిలి పొన్నేరి, మీంజూరు మీదుగా వెళ్ళాం. లారీల వెంట పడి వెళ్ళే ఆ దారిలో రెండుసార్లు గట్టిగా బ్రేకు తొక్కవలసి వచ్చింది. తొక్కింది కుడికాలే, ఆగింది బండే.

తిరువొత్తియూరు పాతఊరు. అక్కడి శివుడి పేరు త్యాగరాజస్వామి. మన త్యాగయ్యగారు తన పేరుగల దేవుడి ఊరికి, శిష్యుడు వీణ కుప్పయ్యరు కోరగా వచ్చారు. అమ్మవారు త్రిపురసుందరి మీద ఆరభి, కల్యాణి, బేగడ, సావేరి, శుద్ధసావేరి రాగాల్లో అయిదు కృతులు చెప్పారు, అన్నీ తెలుగులో. నూరేళ్ళు దాటాక అదే ఊళ్ళో బుల్లెట్ మోత మొదలైంది. ఇప్పుడు వీధి పైనుంచి మెట్రోరైలు పోతుంది, 2021లో వచ్చింది. బళ్ళ తయారీలో పెద్దభాగం 2013లో ఒరగడానికీ, 2017లో వల్లం వడగాలుకూ తరలిపోయింది. ఫ్యాక్టరీ గోడ పక్కన బండి ఆపి ఫోటో తీసుకున్నాం. గోడే గదా, అంతకన్నా చూసేదేముంది.

తేరడి దగ్గర టీకొట్టు ముందు ఆగాం. బల్లమీద పేపరు చదువుతున్న ఒక ముసలాయన తల ఎత్తకుండానే, "టాపెట్ వదులుగా ఉంది, ఎగ్జాస్టుది" అన్నాడు అరవంలో. తర్వాత తల ఎత్తాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ గోడ లోపల పనిచేసి రిటైరైన మనిషి. పానాలున్నాయా అని అడిగాడు. ఉన్నాయి. ఇంజను మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "వేడిగా ఉండగా కుదరదమ్మా. చల్లారాలి. మీరు పోయి అమ్మవారిని చూసుకుని రండి, నేనిక్కడే ఉంటా" అన్నాడు.

త్రిపురసుందరిని అక్కడివాళ్ళు వడివుడై అమ్మన్ అంటారు. దర్శనం చేసుకుని గంటన్నర తర్వాత వచ్చేసరికి ఆయన బండి చుట్టూ తిరిగి చూస్తున్నాడు. గేరు పెడలు ఎడమన ఉండటం గమనించాడు. "1976 బండికి ఇదెవరు పెట్టించారు?" అన్నాడు. మా అమ్మాయి తలెత్తి, "నేనే" అంది.

ఆయన ఏమీ అనలేదు. సిలిండరు పక్కనున్న చిన్న మూత విప్పి, లోపలి కడ్డీని మా అమ్మాయి చేత పట్టించాడు. అది వేళ్ళ మధ్య సులువుగా గిర్రున తిరగాలి, పైకీ కిందకూ మాత్రం కదలకూడదు. ఒకసారి బిగించాడు, ఎక్కువైంది. కాగితం మందం వెనక్కు తిప్పాడు. "ఇప్పుడు చూడు" అన్నాడు. తిప్పి చూసింది. మూత బిగించి, చేతులు పేపరుకే తుడుచుకుని, టీ డబ్బులు కూడా మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

"మీ తాతను కుడికాలికి ఇప్పుడు పనేమిటని అడిగానని చెప్పు" అన్నాడు, బండి కదులుతుండగా.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాం. నాన్నగారు కాసేపు ఆలోచించి, ఆదివారం తనను వెనక కూర్చోబెట్టుకుని మైపాడు సముద్రం దాకా తీసుకుపోగలవా అని మనవరాలిని అడిగారు.